ప్రేమకథకు శుభం కార్డు ఎప్పుడు వేయాలి?

రాత్రి భోజనాలయ్యాక మన హాస్టళ్ళలో జరిగే చర్చల్లో ఒకప్పుడు సినిమాలూ క్రికెట్టూ మాత్రమే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన జపాన్ యానిమేలు కూడా వచ్చి కూర్చున్నాయి. గత కొన్నేళ్ళుగా కొన్ని యానిమేలు తెలుగు డబ్బింగ్‌తోనే దొరుకుతున్నాయి కాబట్టి ఇంగ్లీషు రాని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కూడా చూస్తున్నారు. ఫైటింగ్ కథల గురించి పెద్దగా పేచీ ఉండదు. విలన్ ఓడిపోతే కథ అయిపోయినట్టే. పేచీ అంతా ప్రేమ కామెడీల దగ్గరే వస్తుంది. "వీళ్ళిద్దరూ ఇంకెప్పుడు చెప్పుకుంటారు, ఎంతకని సాగదీస్తారు?" అని ఒకరు విసుక్కుంటారు. "చెప్పుకున్నాక ఇంకేముంది చూడటానికి, అక్కడే ఆపెయ్యాలి" అని ఇంకొకరు అంటారు.

ఇది కాలక్షేపం కబురులా కనిపిస్తుంది గానీ, ఆలోచిస్తే మన జీవితాలకు కూడా తగిలే ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రేమకథ "నువ్వంటే నాకిష్టం" అన్న మాట దగ్గర ఆగకూడదు. ఆ ఇద్దరినీ అన్నాళ్ళూ దూరంగా ఉంచిన కారణం ఏదో ఒకటి ఉంటుంది కదా, దానికి వాళ్ళు ఎదురుగా నిలబడి జవాబు చెప్పిన రోజున ఆగాలి. అంతకంటే ముందు ఆగితే అది సగం కథ. ఆ తర్వాత కూడా ఆగకపోతే అది సాగదీత.

ముందు ఈ సాగదీత ఎందుకు వస్తుందో చూద్దాం. చాలా యానిమేలకు మూలం మాంగా, అంటే బొమ్మల కథ. అది వారపత్రికలోనో మాసపత్రికలోనో సీరియల్‌గా వస్తుంది. షోనెన్ జంప్ లాంటి వారపత్రికలు ఏ కథ నచ్చిందో పాఠకులనే అడుగుతాయి. పాఠకులు మెచ్చుకున్నంత కాలం కథ నడుస్తుంది, మెచ్చుకోకపోతే తొందరగా ముగుస్తుంది. ఇక ప్రేమ కామెడీలో నవ్వంతా ఇద్దరూ చెప్పుకోలేకపోవడంలోనే ఉంటుంది. చెప్పేస్తే నవ్వు ఆగిపోతుందని రచయితకు భయం. అందుకే చెప్పబోయే సమయానికి బాణసంచా పేలుతుంది, రైలు వెళుతుంది, ఎవరో తలుపు తీస్తారు. మన టీవీ సీరియళ్ళలో అసలు విషయం చెప్పబోయేటప్పుడు ఫోను మోగినట్టే!

యానిమేకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒక సీజన్ అంటే మూడు నెలలు, పన్నెండు పదమూడు భాగాలు. అప్పటికి మాంగా పూర్తికాదు. దాంతో యానిమే ఎక్కడో మధ్యలో ఆగుతుంది. 'నిసెకోయి' అనే కథ ఈ రెండు జబ్బులకూ ఉదాహరణ. ముఠా నాయకుల పిల్లలైన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ప్రేమికుల్లా నటించాల్సి వస్తుంది. అబ్బాయి మెడలో చిన్నప్పటి ప్రమాణానికి గుర్తుగా ఒక తాళం ఉంటుంది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నది ప్రశ్న. ఆ ప్రశ్న మీదే 2011 నుండి 2016 దాకా 25 సంపుటాల మాంగా నడిచింది. 2014, 2015ల్లో వచ్చిన యానిమే మాత్రం జవాబు చెప్పకుండానే ఆగిపోయింది. ఇలాంటివి చూసినవాళ్ళు "ఇష్టమని చెప్పుకోగానే ముగించండి చాలు" అని అడగటంలో తప్పులేదు.

కానీ ఆ కోరికలో ఒక పొరపాటు ఉంది. జపాన్‌లో ఇలా మనసులో మాట చెప్పడాన్ని 'కొకుహాకు' అంటారు. "నువ్వంటే ఇష్టం, నాతో కలిసి నడుస్తావా" అని సూటిగా అడగడం అన్నమాట. అవతలివాళ్ళు సరేనన్నాకే ఇద్దరి మధ్య స్నేహం అధికారికంగా మొదలవుతుంది. అంటే అది మొదటి మెట్టు. మొదటి మెట్టు ఎక్కగానే ఇల్లు చేరినట్టు ఎలా అవుతుంది? మన సినిమాల్లో కూడా అంతే. పెద్దలు ఒప్పుకోగానే శుభం కార్డు పడుతుంది. ఆ తర్వాత అమ్మాయి చదువు ఏమైంది, అబ్బాయికి పని దొరికిందా, ఎవరి ఊళ్ళో ఉన్నారు అని ఎవరూ చూపించరు.

"చెప్పుకున్నాక ఆసక్తి పోతుంది" అనేవాళ్ళు 'కగుయా-సామా: లవ్ ఈజ్ వార్' చూడాలి. అకా అకసాకా రాసిన ఈ మాంగా 2015 నుండి 2022 దాకా వచ్చింది. యానిమే 2019లో మొదలైంది. పెద్దింటి పిల్లలు చదివే స్కూల్లో షిరోగానే పేదింటి అబ్బాయి. పార్ట్‌టైమ్ పనులు చేసుకుంటూ, నిద్ర మానుకుని చదివి, మొదటి ర్యాంకు నిలబెట్టుకుంటాడు. కగుయా దేశంలోని అతి పెద్ద వ్యాపార కుటుంబాల్లో ఒకదాని పిల్ల. ముందు నువ్వు చెప్పాలంటే నువ్వు చెప్పాలని ఇద్దరూ ఎత్తులకు పైఎత్తులు వేయడమే హాస్యం. చివరికి స్కూలు ఉత్సవాల రాత్రి మనసులు తెలుస్తాయి. మామూలుగా అయితే కథ అక్కడ అయిపోవాలి. కానీ 2022 డిసెంబరులో వచ్చిన సినిమా సరిగ్గా ఆ మర్నాటి నుండి మొదలవుతుంది. కగుయా తనలోని చల్లని, మొండి మనిషిని కూడా అతనికి చూపించాలా వద్దా అని నలిగిపోతుంది. షిరోగానేకు ఇంకో భయం. తాను అన్నిట్లో మొదటివాడుగా ఉంటేనే ఈ అమ్మాయి పక్కన నిలబడే అర్హత ఉంటుందని అతని నమ్మకం. అలసి పడిపోయినా ఆ వేషం దించలేడు.

ఆ అబ్బాయి భయం మనకు కొత్తదా చెప్పండి? మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. పీజీ క్లాసులో ఇంగ్లీషు మీడియం వాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు ఒక్క మార్కు తగ్గినా మన చోటు పోతుందేమోనన్న గుబులు మన హాస్టల్ పిల్లలందరికీ తెలిసిందే. అందుకే ఆ కథలో అసలు అడ్డు "ఎవరు ముందు చెప్పాలి" అన్న పంతం కాదు. పేదవాడు పేదవాడుగానే, లోపాలతోనే ప్రేమించబడగలడా అన్నది. దానికి జవాబు చెప్పుకున్నాకే వస్తుంది. ముందే ఆపేస్తే ఆ జవాబు మనకు దొరికేది కాదు.

రెండో ఉదాహరణ 'తొరదోరా'. 2008 అక్టోబరు నుండి 2009 మార్చి దాకా 25 భాగాలుగా వచ్చింది. ఇందులో ర్యూజీ తల్లి చాటునే పెరిగినవాడు. తల్లి బార్లో పనిచేసి సాకుతుంది. తైగా డబ్బున్న ఇంటి పిల్లే గానీ తల్లిదండ్రులు పట్టించుకోక ఒంటరిగా ఉంటుంది. ఇద్దరికీ ప్రేమ తెలిశాక, పెద్దవాళ్ళ మీద కోపంతో ఎక్కడికైనా వెళ్ళిపోయి పెళ్ళి చేసుకుందామనుకుంటారు. మన భాషలో చెప్పాలంటే లేచిపోదామనుకుంటారు. ర్యూజీ తల్లి కూడా చిన్న వయసులో కడుపుతో ఉండి ఇల్లు వదిలి వచ్చినదే. అందుకని వాళ్ళు పారిపోవడం మానేసి ర్యూజీ అమ్మమ్మ, తాతల ఇంటికి వెళతారు. ఎన్నో ఏళ్ళ కిందట తెగిన బంధం మళ్ళీ కలుస్తుంది. తైగా తన తల్లి దగ్గరికి వెళ్ళి, తన ఇంటి సంగతి తాను చక్కబెట్టుకుని, స్కూలు చదువు ముగిసే రోజున తిరిగి వస్తుంది. "ముద్దు పెట్టుకున్నాక మళ్ళీ విడిపోవడమెందుకు?" అని చాలామంది అడుగుతారు. ఆ ఇద్దరికీ అడ్డు పడింది ఒకరి మీద ఒకరికి ఇష్టం లేకపోవడం కాదు, తమ ఇళ్ళు తమకు ఇల్లు కాకపోవడం. కాబట్టి అక్కడ ముగించడమే న్యాయం.

అయితే నాకు అన్నిటికన్నా నచ్చిన ముగింపు చాలా పాతది. రుమికో తకహాషి రాసిన 'మెజోన్ ఇక్కొకు'. మాంగా 1980 నుండి 1987 దాకా, యానిమే 1986 నుండి 1988 దాకా 96 భాగాలుగా వచ్చాయి. ఈ కథ జరిగేదే ఒక పాత అద్దె గదుల ఇంట్లో! ఐదో నంబరు గదిలో గొదాయ్ అనే కుర్రవాడు ఉంటాడు. యూనివర్సిటీ ఎంట్రన్సు తప్పి మళ్ళీ రాయడానికి చదువుతుంటాడు. పక్క గదివాళ్ళు అతని గదిలోకే వచ్చి తాగుతూ పాడుతూ చదువు చెడగొడతారు. నాలుగో గది మనిషి అయితే గోడకే కన్నం పెడతాడు. మన రూమ్‌మేట్లు నయం అనిపిస్తుంది. ఆ ఇంటికి మేనేజరుగా క్యోకో అనే యువతి వస్తుంది. పెళ్ళయిన కొద్ది నెలలకే భర్త పోయిన మనిషి. తన కుక్కను కూడా భర్త పేరుతోనే పిలుచుకుంటుంది. ఆమెను కోరి వచ్చిన మరో మనిషి మితాకా. టెన్నిస్ కోచ్, డబ్బున్నవాడు, అందగాడు.

ఈ కథ కూడా పొడుగే. ఏడేళ్ళు నడిచింది. కానీ దీన్ని సాగదీత అనలేం. ఎందుకంటే పత్రికలో ఏడేళ్ళు గడిస్తే కథలోనూ దాదాపు అన్నేళ్ళూ గడుస్తాయి. గొదాయ్ యూనివర్సిటీలో చేరతాడు, పట్టా పుచ్చుకుంటాడు, ఉద్యోగం దొరక్క తిరుగుతాడు. రాత్రిపూట పనిచేసే ఆడవాళ్ళ పిల్లల్ని ఒక క్యాబరేలో కనిపెట్టుకుని ఉండే పని చేస్తాడు. చివరికి శిశుపాఠశాల టీచరు అవుతాడు. పట్టా చేతికొచ్చినా పని దొరకని రోజులు ఎలా ఉంటాయో పోటీ పరీక్షలకు చదువుతున్న మన సీనియర్లను అడగండి. క్యోకోలో కూడా మార్పు అంత నెమ్మదిగానే వస్తుంది. పోయిన భర్తను మరిచిపోతే తాను అబద్ధపు మనిషినవుతానని ఆమె భయం.

ఆ భయానికి జవాబు గొదాయ్ భర్త సమాధి దగ్గర చెబుతాడు. ఆమె మనసులో నువ్వు ఎప్పుడూ ఉంటావు, నిన్ను కూడా కలుపుకునే ఆమెను తీసుకువెళతాను అన్న అర్థంలో మాట్లాడతాడు. క్యోకో అతన్ని అడిగే వరం కూడా ఒక్కటే. తనకంటే ఒక్కరోజైనా ఎక్కువ బతకమని. డబ్బు అడగదు, ఉద్యోగం స్థాయి అడగదు. మళ్ళీ ఒంటరిని కాలేను అని మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత పెళ్ళి, పుట్టిన పాపను ఎత్తుకుని అదే ఇంటికి రావడం. అంతే, కథ అయిపోయింది. అడ్డు తొలగింది కాబట్టి ఆగింది. పాప స్కూలుకు వెళ్ళడం, రెండో పాప పుట్టడం చూపించి ఉంటే అది మళ్ళీ సాగదీతే అయ్యేది.

దీనికి ఎదురు మాట ఒకటి చెప్పవచ్చు. అదే రచయిత్రి రాసిన 'ఉరుసెయ్ యాత్సురా' 1987లో ముగిసినప్పుడు అసలు ఇష్టమన్న మాటే రాలేదు. భూమి మీద అందరి జ్ఞాపకాలూ పోతాయని తెలిసినా అతారు లమ్‌తో ప్రేమిస్తున్నానని చెప్పడు. బలవంతం మీద చెబితే అది నిజమో కాదో ఎవరికి తెలుస్తుంది అన్నది అతని పట్టుదల. మరి ఇది నా లెక్కకు విరుద్ధమా? కాదనే అనుకుంటున్నాను. అక్కడి అడ్డు నమ్మకం. నోటితో చెప్పకుండానే ఆ అమ్మాయికి నమ్మకం కలిగింది. కాబట్టి ముగింపును కొలవాల్సింది మాటతో కాదు, పెళ్ళితో కూడా కాదు. ఏ ముడితో కథ మొదలైందో ఆ ముడి విడిందా లేదా అన్నదే కొలత.

ఇదంతా హాస్టల్ పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామంది ప్రేమంటే ఏమిటో ఇలాంటి కథల నుండే నేర్చుకుంటున్నాం. చెప్పడంతో అంతా అయిపోతుందని కథ నేర్పితే, చెప్పడానికి కావలసిన ధైర్యం ఒక్కటే ధైర్యమని అనుకుంటాం. మన దగ్గర అసలు పరీక్ష చెప్పుకున్న తర్వాతే మొదలవుతుంది. కులం అడ్డు వచ్చినచోట అది ఎంత దూరం వెళుతుందో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో చూశాం. అక్కడ పెళ్ళి కూడా అయింది. సినిమా అయితే శుభం కార్డు పడి ఉండేది. ఆ దళిత యువకుణ్ణి గర్భవతిగా ఉన్న భార్య కళ్ళ ముందే చంపించారు. నల్లగొండ కోర్టు తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. ప్రేమించవద్దని నేను చెప్పడం లేదు. ఆ ఇద్దరూ చేసింది తప్పు కాదు, తప్పంతా చంపినవాళ్ళదే. తర్వాతి అధ్యాయం ఉందని తెలిసి, చట్టం ఏమిటో తెలుసుకుని, తోడుగా నిలిచే మనుషుల్ని పోగుచేసుకుని ముందుకు వెళ్ళాలని చెబుతున్నాను.

ఆడపిల్లలకు ఇంకొక మాట. మా ఊళ్ళలో "సంబంధం కుదిరింది" అన్న మాటతోనే ఎంతోమంది అమ్మాయిల చదువు కథ ముగిసిపోతుంది. వాళ్ళ విషయంలో శుభం కార్డు వేసేది ఎవరో, అది ఎవరికి శుభమో అడగాలి. పెళ్ళయ్యాక కూడా క్యోకో తన పని వదలలేదు, ఆ ఇంటి మేనేజరుగానే ఉంది. ఒక నవ్వుల కథ దీన్ని 1987లోనే ఎంతో మామూలు విషయంలా చూపించింది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి ఒక ప్రేమ కామెడీ చూసేటప్పుడు "ఎప్పుడు చెప్పుకుంటారు" అని మాత్రమే ఎదురుచూడకండి. వీళ్ళకు అసలు అడ్డు ఏమిటి, దానికి వీళ్ళు ఏం జవాబు చెప్పారు అని చూడండి. జవాబు రాకుండా ముగిస్తే మోసపోయినట్టే. జవాబు వచ్చాక కూడా ముగించకపోతే మన నిద్ర, మన డేటా, రేపటి పరీక్ష మూడూ దండగే. ఆ కొలత మన జీవితాలకు కూడా పనికివస్తుందని నా నమ్మకం.