బారెన్ ద్వీపం: మౌనమంటే మరణం కాదు

సెలవులలో హవాయి వెళ్ళి కిలవేయా లావాను చూసి వచ్చిన మన పిల్లలను "భారతదేశంలో అగ్నిపర్వతం ఉన్నదా?" అని అడిగితే, చాలామంది లేదనే అంటారు. తప్పు వారిది కాదు, మనం చెప్పలేదు. అండమాన్ సముద్రంలో, పోర్టుబ్లెయిరుకు (2024 నుండి శ్రీవిజయపురం) ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరాన, నిర్జనమైన బారెన్ ద్వీపం ఉన్నది. దేశంలో సజీవంగా ఉన్న అగ్నిపర్వతం ఇదొక్కటే.

ద్వీపం వెడల్పు సుమారు 3 కిలోమీటర్లు. నీటిపైన 350 మీటర్ల ఎత్తున కనిపించేది, 2,000 మీటర్లకు మించిన లోతు నుండి లేచిన మహాపర్వతపు కొన మాత్రమే. పూర్వపు విస్ఫోటనంలో కూలిన పాత గోడల నడుమ, పడమటివైపు తెరుచుకొని ఉన్న బిలంలో, నేటి శంకువు నిలిచి ఉన్నది.

ఈ నిప్పుకు మూలం నీరంటే ఆశ్చర్యం కలుగవచ్చు. ఇక్కడ భారత భూఫలకం బర్మా ఫలకం క్రిందికి దిగిపోతున్నది. సముద్రంలో నానిన శిలలు లోతుకు పోయేకొద్దీ, వేడికి, ఒత్తిడికి తమ ఖనిజాలలోని నీటిని విడిచిపెడతాయి. మంచు కురిసిన రోడ్లపై చల్లిన ఉప్పు మంచును కరిగించినట్లే, ఆ నీరు పైనున్న శిలల ద్రవీభవన ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. అలా పుట్టిన శిలాద్రవం పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, గోళీసోడా పొంగినట్లు, అందులో కరిగి ఉన్న వాయువులు బయటికి ఉబుకుతాయి.

1787లో దీని విస్ఫోటనం తొలిసారిగా నమోదయింది. పందొమ్మిదవ శతాబ్దం మధ్యనుండి ఇది మౌనం వహించింది. 1991లో మేల్కొన్నది. ఆ తరువాత 1994లో, 2005లో, 2017లో, మళ్ళీ 2025 సెప్టెంబరులో నిప్పు కక్కింది. ఒక శతాబ్దానికి మించిన మౌనాన్ని మరణమని భావించడం ఎంత పొరపాటో 1991 నిరూపించింది.

మనుషులు లేని దీవిపై ఖర్చెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. దీవి నిర్జనమే గాని, సముద్రం నిర్జనం కాదు. 2018 డిసెంబరు 22న ఇండొనేషియాలోని అనక్ క్రకటోవా దీవి పార్శ్వం సముద్రంలోకి జారిపడగా లేచిన సునామీలో నాలుగు వందలమందికి పైగా మరణించారు. ముందుగా పెద్ద భూకంపం రాలేదు గనుక హెచ్చరికా రాలేదు. బారెన్‌కు అదే గతి పడుతుందని నేననడం లేదు. కాని రెండూ ఒకే అగ్నిపర్వత శ్రేణికి చెందినవి. అండమాన్ పట్టణాలలో మన తెలుగువారు ఎందరో తరాలుగా స్థిరపడి ఉన్నారు.

ఉపగ్రహ చిత్రాలు, అప్పుడప్పుడు వెళ్ళే ఓడలు ఎంతో విలువైనవే. కాని అవి ఎక్కువగా చెప్పేది బయటపడిన వేడిని గురించి, బూడిదను గురించి. లోపలి మార్పును ముందుగా తెలిపేవి భూమి కంపనాలు, వాయువుల పాళ్ళు. వాటిని అనుదినం, ఏళ్ళ తరబడి కొలవాలి. పర్వతం నిద్రలో ఉన్నప్పుడు కొలిచినవే, అది లేచిన నాడు అక్కరకు వస్తాయి. రోగి ఆరోగ్యంగా ఉన్నప్పటి నాడి తెలియని వైద్యుడు జ్వరాన్ని ఎలా పోల్చుకోగలడు?

బారెన్ అంటే బీడు. ఆ పేరు చూచి మన శ్రద్ధ కూడా బీడు పడరాదు.