అరవై నిమిషాలు నాకూ కావాలి

మొన్న సంక్రాంతికి సదుం వెళ్ళాం, మా పుట్టింటికి. కనుమ నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక మగవాళ్ళంతా మిద్దె మీద చేరారు. మా తమ్ముడు, బెంగళూరులో ఉండే మా చిన్నాన్న కొడుకులిద్దరు, మా ఆయన. ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసుకుని నేను పైకి వెళ్ళేసరికి కబుర్లు జోరుగా సాగుతున్నాయి. దేని గురించనుకున్నారు? పాత కంప్యూటర్ ఆటల గురించి.

"ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడిన రోజులు మళ్ళీ రావు బావా" అంటున్నాడు తమ్ముడు. "డయాబ్లో మళ్ళీ కొనుక్కున్నా, ఆ పాట వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తాది" అంటున్నాడు చిన్నాన్న కొడుకు. నలభై దాటిన మనుషులు, ముఖాలు చూస్తే పదిహేనేళ్ళ పిల్లల్లా వెలిగిపోతున్నాయి. నన్ను చూసి చిన్నవాడు, "అక్కకు ఇవన్నీ యాడ తెలుస్తాయి" అని నవ్వాడు.

నేను పళ్ళెం కింద పెట్టి అడిగాను. "ఎనిమిదో లెవెల్లో గేటు మూసుకుపోతే తెరిచేది ఎవరు?"

అందరూ మొహాలు చూసుకున్నారు. "ఎలుక వచ్చి మీట తొక్కుతాది. దాన్ని పంపేది రాకుమారి" అన్నాను.

"అక్కా, నువ్వు కూడా ఆడినావా?"

ఆ 'కూడా' అన్న మాట గురించే ఈ రోజు నా రాత.

1998లో మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు, సెలవుల్లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో కోర్సు చేరాను. మనిషికి రోజుకు ఒక గంట. ఆ గంటలో పాఠం అరగంట, ప్రిన్స్ అరగంట. నేలమాళిగలో కళ్ళు తెరిచిన కుర్రాడు గుంతలు దూకుతూ, ముళ్ళు తప్పించుకుంటూ 12 లెవెళ్ళు దాటి రాకుమారిని చేరాలి. ఉన్నది 60 నిమిషాలే. జోర్డాన్ మెక్నర్ అనే ఆయన 1989లో తెచ్చిన ఆట అది. సొంత తమ్ముడి చేత పరుగులు పెట్టించి, గెంతించి, వీడియో తీసి, ఆ కదలికలు చూసి బొమ్మలు గీశాడట. అందుకే ఆ కుర్రాడు అంత మనిషిలా పరిగెత్తేవాడు. మేం నలుగురం ఆడపిల్లలం నోట్సు వెనక పేజీల్లో దారులు గీసుకునేవాళ్ళం. ఏ పలక ఊడిపడుతుంది, ఏ గేటు ఎంతసేపు తెరిచి ఉంటుంది అని.

తర్వాత 2000లో తమ్ముడి కోసం ఇంటికి ఒక కంప్యూటర్ వచ్చింది. దాంట్లో డయాబ్లో. పాడుబడిన చర్చి, దాని కింద 16 అంతస్తుల చీకటి. ఆడిన ప్రతిసారీ కొత్త ఆటలో దారులు మారిపోతాయి. ముగ్గురు వీరుల్లో ఒకతె విల్లు పట్టిన ఆడమనిషి. నేను ఆమెనే ఎంచుకున్నాను. అందరూ పడుకున్నాక, కరెంటు ఉన్న రాత్రుళ్ళలో ఒక్కో అంతస్తే దిగాను. 13వ అంతస్తు చేరాక పెళ్ళి కుదిరింది. ఆరు నెలల తర్వాత పుట్టింటికి వస్తే కంప్యూటర్ ఫార్మాట్ చేసేసి ఉంది. తమ్ముడికి అది గుర్తు కూడా లేదు. వాడి తప్పూ లేదు. నేను అడగనే లేదు. పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటికొచ్చి "నా ఆట ఏమైంది?" అని అడుగుతుందా?

ఇదే నా గొడవ. మగవాడి ఆటకు జ్ఞాపకం అనే గౌరవం ఉంది. మన ఆటకు చిన్నతనం అనే పేరుంది. మనకూ జ్ఞాపకాలు ఉండొచ్చు, కానీ అమ్మమ్మ చేతి వంట, ముగ్గులు, గొబ్బెమ్మలు, వామనగుంటలు, ఇలాంటివైతేనే బాగుంటుంది. అవి నాకూ ఇష్టమే. కానీ నాకు నేలమాళిగ కూడా ఇష్టం. ఆ సంగతి చెబితే ఇంట్లోవాళ్ళకు వింతగా ఎందుకుండాలి?

పోనీ ఈ ఆటలు మగవాళ్ళు మగవాళ్ళ కోసం చేసుకున్నవా అంటే, చరిత్ర చూడండి. అమెరికాలో ప్యాట్రీషియా క్రౌథర్ అని ఒకావిడ ఉండేది. గుహల్లోకి దిగి దారులు కనుక్కోవడం ఆమెకు ప్రాణం. 1972లో కెంటకీ రాష్ట్రంలో రెండు పెద్ద గుహలు లోపల కలిసే దారిని కనుక్కున్న బృందంలో ఆమె ఉంది. ఆ గుహల పటాలు భార్యాభర్తలిద్దరూ కలిసి కంప్యూటర్లోకి ఎక్కించేవారు. తర్వాత వాళ్ళు విడిపోయారు. భర్త విల్ క్రౌథర్ తన ఇద్దరు కూతుళ్ళు ఆడుకుంటారని, ఆ గుహనే ఆటగా రాశాడు. బొమ్మలుండవు, అంతా మాటలే. 1977లో డాన్ వుడ్స్ అనే ఆయన దాన్ని పెంచి పెద్దది చేశాడు.

ఆ ఆట పట్టుకుని వదలని వాళ్ళలో రాబర్టా విలియమ్స్ ఒకరు. ఇద్దరు పిల్లల తల్లి, మనలాంటి గృహిణి. ఆడి ఆడి, ఇలాంటిది నేనే చేస్తానని కూర్చుని 1980లో మిస్టరీ హౌస్ తయారుచేసింది. ప్రోగ్రాం భర్త రాశాడు, కథ, బొమ్మలు ఆవిడవి. ఆ దంపతులు పెట్టిన కంపెనీ తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అదే 1980లో రోగ్ అనే ఆట వచ్చింది. అందులో వీరుడంటే ఒక ఎట్ గుర్తు, రాక్షసులంటే ఇంగ్లీషు అక్షరాలు. డయాబ్లో దాకా అందరూ దాని బాటలోనే నడిచారు. అంటే ఈ వంశవృక్షం మొదట్లో ఒక ఆడమనిషి దిగిన గుహ ఉంది, ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఒక గృహిణి ఉంది. మనం 'కూడా' ఆడలేదమ్మా, మొదటినుంచీ ఉన్నాం.

ఇంతకీ ఆ ఆటల్లో నాకు ఏం దొరికిందని ఇన్నేళ్ళయినా మనసు లాగుతోంది? చాలా రోజులు ఆలోచించాను. ఒంటరిగా పుంగనూరు బస్టాండుకు పోతానంటే ఒప్పుకోని ఇంట్లో పెరిగిన పిల్లను నేను. ఆ చీకట్లో నాకు నేనే దారి వెతుక్కుంటూ 13 అంతస్తులు కిందికి పోయాను. ఎవరినీ అడగలేదు. ఇంకోటి, అక్కడ చచ్చిపోవచ్చు. మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇంట్లో పులుసులో ఒకసారి ఉప్పెక్కువైతే పదేళ్ళు చెప్పుకుంటారు. తప్పు చేసినా తిట్టు పడని చోటు నా జీవితంలో అదొక్కటే.

"ఇంట్లో పని వదిలేసి ఆటలా?" అంటారు. సరే, లెక్కే చూద్దాం. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. మిద్దె మీద కబుర్లకు టైం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? కింద గిన్నెలు తోమిన వాళ్ళ దగ్గరినుంచి వచ్చింది.

"అన్నీ నరుక్కునే ఆటలు, ఆడవాళ్ళకెందుకు?" అంటారు. రోజూ రాత్రి మనం చూసే సీరియల్లో అత్త కోడలి పాలల్లో విషం కలిపితే మాత్రం అది కాలక్షేపం!

"ఆటల వల్లే కదా పిల్లలు పాడైపోతున్నారు" అంటారు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బు పందేల ఆటల మీద చట్టం తెచ్చింది. మంచి పనే. వాటిని నేను వెనకేసుకు రావడం లేదు. ఫోన్లో మాటిమాటికీ నాణేలు కొనమనే ఆటలూ నాకు నచ్చవు. నేను చెప్పేది ఒక్కసారి ఇంటికొస్తే మళ్ళీ పైసా అడగని ఆట గురించి, మొదలూ చివరా ఉన్న ఆట గురించి.

ఇంతవరకు మగవాళ్ళనే అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవాలి.

పోయిన దసరా సెలవుల్లో ఇంటర్ చదివే మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఏదో కత్తుల ఆట ఆడుతోంది. "ఆడపిల్లవి, ఆ చంపుకునే ఆటలేందే? పోయి కుక్కర్ చూడు" అన్నాను. పక్క గదిలో మా అబ్బాయి అదే ఆట ఆడుతున్నాడు. వాడిని ఒక్క మాట అనలేదు. మా అమ్మ నన్ను అన్న మాటే అది, అక్షరం కూడా మారలేదు. నా ఆట తీసేసింది తమ్ముడు కాదు, మగవాళ్ళు మాత్రమే కాదు. వాకిట్లో నిలబడి ఆడపిల్లను వంటింట్లోకి పంపేది చాలాసార్లు మనమే. ఈ సంగతి సదుం మిద్దె మీద నిలబడినప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు.

తిరిగొచ్చాక అమ్మాయికి అన్నీ చెప్పాను. "నువ్వా అమ్మా?" అని నవ్వి, ఆ సాయంత్రమే డయాబ్లో తెచ్చి పెట్టింది. "ఇదేంటి, ఇంత మసగ్గా ఉంది!" అని మూతి ముడుచుకుంది కూడా. ఆదివారం మూడింటి నుంచి నాలుగింటి దాకా నాది. రాకుమారుడికి ఇచ్చిన 60 నిమిషాలే నేనూ అడిగాను. ఆ గంటలో టీ మా ఆయన పెట్టుకోవాలి, కుక్కర్ అబ్బాయి చూసుకోవాలి. మొదటి ఆదివారం చక్కెర డబ్బా ఎక్కడని రెండుసార్లు కేకేశారు. నేను పలకలేదు. డబ్బా వాళ్ళకే దొరికింది.

ఇప్పుడు ఐదో అంతస్తులో ఉన్నాను. చేతులు మునుపటిలా తిరగడం లేదు, తరచూ చచ్చిపోతున్నాను. ఫరవాలేదు.

మీది ఏ ఆటో నాకు తెలియదు. షటిల్ కావచ్చు, క్యారమ్స్ కావచ్చు, సగంలో వదిలిన నవల కావచ్చు. ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. తర్వాత ఇంట్లో ఒక గంట అడగండి. ఇవ్వకపోతే తీసుకోండి. ఆ గంటలో మీ ఆడపిల్లను మాత్రం కుక్కర్ దగ్గరికి పంపకండి.