మెడవంపుకు వెలకట్టు విధానం

అమెరికాలో మాజీ సైనికుల వైకల్య పరీక్షపై నాకొక అభ్యంతరం కలదు. గోనియోమీటరు పెట్టి మెడ ముందుకెంత వంగునో చూచెదరు. ఆ వంపును బట్టి, 15 డిగ్రీలు మించకున్న 30 శాతం, 15 దాటి 30 వరకైన 20 శాతం, 30 దాటి 40 వరకైన 10 శాతం వైకల్యం.

కొలత ఉండవలసినదే. లేకున్న పరీక్షకుని దయాదాక్షిణ్యాలే గతి! కానీ నొప్పి ఆయన వేళలు చూచుకొని వచ్చునా? నేడు 35 డిగ్రీలు వంగిన మెడ, నొప్పి తిరగబెట్టిన నాడు 15 కూడా వంగకపోవచ్చును. ఆ నష్టాన్నీ లెక్కించవలెనని 1995లో డెలూకా కేసులో మాజీ సైనికుల అప్పీళ్ళ న్యాయస్థానం తీర్పిచ్చినది. "నేను చూడలేదు గనుక చెప్పలేను" అని తప్పించుకొనరాదనీ, బాధితుని అడిగి అంచనా కట్టవలెననీ 2017లో షార్ప్ కేసులో మరల చెప్పవలసి వచ్చినది. ఇరువది రెండేళ్ళ తరువాత!

అడిగిన అబద్ధమాడుదురందురా? యుద్ధానికి పంపునాడు నమ్మిన మనిషిని మెడ పట్టివేసిన నాడు నమ్మకుండుట ఏమి న్యాయం? ఏళ్ళ తరబడి జవాబుపత్రాలు దిద్దినవాడను. ఒక్క పూట పరీక్షతో పిల్లవాని చదువంతా తేలునని ఏనాడూ తలచలేదు. కొలవండి, వద్దనను. అడిగి, అతడు చెప్పినది కూడా వ్రాయండి.

మిత్రులారా, మీరేమందురు?