క్లోమంలోని ప్రతి తిత్తీ నీటితిత్తి కాదు

"ఏమీ లేదమ్మా, క్లోమం మీద నీటితిత్తి. నీరు తీసేస్తే తగ్గిపోతుంది." ఈ మాట ఎందరో రోగులకు ఊరటనిచ్చింది. కొందరి ప్రాణాలు కూడా తీసింది. ఆ కొందరి పక్షాన ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

క్లోమంలో తరచుగా కనిపించే తిత్తులలో ఒకటి సూడోసిస్ట్, అంటే మిథ్యాతిత్తి. క్లోమానికి వాపు వచ్చినప్పుడో, కడుపుకు దెబ్బ తగిలినప్పుడో బయటికి కారిన జీర్ణరసం ఒకచోట నిలిచి ఇది ఏర్పడుతుంది. దీని గోడకు లోపల కణాల పొర ఉండదు కనుక ఇది క్యాన్సర్‌గా మారదు. మద్యం వల్ల క్లోమవాపు వచ్చినవారిని తరచుగా చూసే వైద్యునికి ముందుగా ఇదే స్ఫురించడం సహజం. అయితే సహజమైనదల్లా సరైనది కాదు.

నేను ఉద్యోగంలో ఉండగా నలభై అయిదేళ్ల గృహిణి ఒకామె వచ్చింది. మద్యం అలవాటు లేదు, పిత్తాశయంలో రాళ్లు లేవు, దెబ్బ తగలలేదు, క్లోమవాపు ఎన్నడూ రాలేదు. అయినా రెండేళ్ల క్రితం మరొకచోట సూడోసిస్ట్ అని వ్రాసి, సూదితో నీరు తీసి పంపించారు. తిత్తి మళ్లీ నిండింది. మా వద్దకు వచ్చేనాటికి వ్యాధి కాలేయానికి ప్రాకింది. "నీకు క్లోమవాపు ఎప్పుడు వచ్చిందమ్మా?" అన్న ఒక్క ప్రశ్న మొదటే అడిగి ఉంటే ఆ రోగనిర్ణయం నిలిచేది కాదు.

ఆమెకు వచ్చినది మ్యూసినస్ సిస్టిక్ కణితి. ఇది దాదాపు ఎల్లప్పుడూ స్త్రీలకే, ముఖ్యంగా నడివయసులో, క్లోమం మధ్యభాగంలోనో తోకలోనో వస్తుంది. లోపల ఉండేది నీరు కాదు, జిగురు. క్యాన్సర్ గోడను దాటకముందే కణితిని పూర్తిగా తొలగిస్తే రోగం నయమైనట్లే. దాటిన తరువాత తొలగిస్తే అయిదేళ్లు జీవించేవారు సగానికి అటూ ఇటూగా ఉంటారు. కాలేయానికి చేరిన తరువాత శస్త్రచికిత్సకు సాధారణంగా అవకాశం ఉండదు.

"క్లోమానికి క్యాన్సర్ వస్తే ఇక అంతే, కోయించడం దండగ" అనేవారితోనూ నాకు పేచీ ఉంది. ఆ నిరాశ క్లోమనాళంలో పుట్టే సాధారణ క్యాన్సర్‌ను చూసి కలిగినది. దానిని తీసుకువచ్చి అన్ని కణితులకూ అంటగట్టకూడదు. యువతులలో కనిపించే సాలిడ్ సూడోపాపిలరీ కణితిని 1959లో ఫ్రాంట్జ్ అనే వైద్యురాలు వర్ణించారు. దానిని పూర్తిగా తొలగిస్తే నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్లు దాటి జీవిస్తున్నారు. అటువంటి అమ్మాయిని "దేవుడిమీద భారం వేయండి" అని ఇంటికి పంపడం వైద్యం కాదు.

అలాగని ప్రతి తిత్తినీ కోయమని నేననను. సీరస్ సిస్టడినోమా క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. బాధ లేకుంటే గమనిస్తూ ఉంటే చాలు. క్లోమాన్ని కోయడం చిన్న పని కాదు. మధుమేహం రావచ్చు, ప్లీహాన్ని కూడా తీయవలసి రావచ్చు. అందుకే ముందు అది ఏ తిత్తో తేల్చమంటున్నాను.

తేల్చే సాధనాలు ఉన్నాయి. ఎమ్మారై, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ తిత్తి గోడను, లోపలి బుడిపెలను చూపుతాయి. తిత్తిలోని ద్రవంలో సీఈఏ పరీక్ష అది జిగురు తిత్తి అవునో కాదో చెప్పగలదు, క్యాన్సర్ ఉందో లేదో చెప్పలేదు. సూది పరీక్షలో క్యాన్సర్ కణాలు కనబడనంత మాత్రాన నిశ్చింత కూడదు. పెద్ద కణితిలో క్యాన్సర్ ఒక చిన్న మూలనే దాగి ఉండవచ్చు.

కనుక పాఠకులారా, మీ ఇంట్లో ఎవరి రిపోర్టులోనైనా క్లోమంలో తిత్తి అని ఉంటే, నీరు తీయడానికి ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. క్లోమవాపు గాని దెబ్బ గాని లేకుండా ఇది సూడోసిస్ట్ ఎలా అయింది? గోడలో బుడిపె ఉందా? ప్రధాన క్లోమనాళం ఉబ్బి ఉందా? కామెర్లు కూడా ఉంటే ఒక్కరోజైనా ఆలస్యం చేయక క్లోమ శస్త్రచికిత్సలో అనుభవమున్న వైద్యుని వద్దకు వెళ్లండి.

ప్రశ్న అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని సంకోచించకండి. ఆ కోపం ఒక పూట ఉంటుంది. అడగని ప్రశ్నకు మూల్యం జీవితకాలం చెల్లించవలసి వస్తుంది.