తుపాకులు పోయాయి సరే, డాక్టరు ఏడి?

2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు, అంటే భూపతి, 60 మందితో కలిసి గడ్చిరోలిలో ముఖ్యమంత్రి ఫడ్నవీస్ ముందు తుపాకులు అప్పగించాడు. ఆ రోజు మా ఇంట్లో టీవీ రాత్రి దాకా మోగుతూనే ఉంది. నాన్న "ఇగ మన జిల్లా బాగుపడుతది" అన్నాడు. నానమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే "దవాఖానకు డాక్టరు వస్తడా మరి?" అని అడిగింది. ఎవ్వరూ జవాబు చెప్పలేదు. నానమ్మ అడిగిందే సరైన ప్రశ్న అని నా వాదన.

మన గడ్చిరోలి జిల్లా 1982 ఆగస్టు 26న పుట్టింది. బెల్లంపల్లి నుంచి వచ్చిన పెద్ది శంకర్ మన సిరోంచ వైపు మొయాబిన్‌పేటలో పోలీసు కాల్పుల్లో చనిపోయింది 1980 నవంబరులో. అంటే ఈ యుద్ధం మన జిల్లా కంటే వయసులో పెద్దది. అప్పటి నుంచి మన పెద్దవాళ్లు ఒకటే సామెత చెప్తారు: ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగాయని. నాకు ఈ సామెత నచ్చదు. ఆంబోతులకు కాళ్ల కింద దూడ ఉన్న సంగతి తెలియదు. వీళ్లిద్దరికీ బాగా తెలుసు.

ముందు అన్నల సంగతి. ప్రతి ఏడూ జూలై 28 నుంచి ఆగస్టు 3 దాకా వాళ్ల అమరుల వారోత్సవం. అడవి రూట్లలో బస్సులు బంద్. ప్రైవేటు జీపువాళ్లు కూడా భయపడి బండి తీసేవారు కాదు. అది ఏ కాలం? వానాకాలం నడుమ, మలేరియా కాలం. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉండేది మన జిల్లాలోనే. మా పెద్దనాన్న కొడుకు, బతికుంటే నాకు అన్న అయ్యేవాడు, అలాంటి ఒక వారంలోనే జ్వరం మెదడుకు ఎక్కి చనిపోయాడు. మంచం మీద వేసుకుని రోడ్డు దాకా మోశారు. రోడ్డు మీద బండి లేదు. అప్పటికి నేను పుట్టలేదు. కానీ ఇప్పటికీ జూలై ఆఖరు వస్తే మా పెద్దమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు. అమరుల కోసం ఏడు రోజులు పెట్టుకున్నవాళ్లు జ్వరం వచ్చిన పిల్లల కోసం ఒక్క బండిని వదలలేకపోయారా?

రోడ్డు వేస్తే పోలీసులు వస్తారు, గని లారీలు వస్తాయి అని వాళ్లు చెప్పేవారు. అందులో అబద్ధం లేదు. సూర్జాగఢ్ లారీలు ఇప్పుడు ఎలా పోతున్నాయో అందరం చూస్తున్నాం. కానీ అదే రోడ్డు మీద అంబులెన్స్ కూడా రావాలి కదా. 2019 మే 1న కుర్ఖేడా తాలూకాలో రోడ్డు పనుల బండ్లను తగలబెట్టారు. అదే రోజు మందుపాతర పేల్చి 15 మంది పోలీసులను, వాళ్ల డ్రైవరును చంపారు. ఆ డ్రైవరు ఏ వర్గ శత్రువు?

ఇక సర్కారు. పోలీసు స్టేషన్ల దగ్గర వైద్య శిబిరాలు పెట్టి గోళీలు, దుప్పట్లు పంచుతారు. పంచడం తప్పని నేను అనను. కానీ ఆ గోళీ తెచ్చుకున్న మనిషి ఇంటికి వెళ్లేసరికి ఇన్‌ఫార్మర్ అవుతాడు. వెళ్లనివాడు ఇంకొకరి మనిషి అవుతాడు. మందు ఇచ్చే చెయ్యి, తుపాకి పట్టుకునే చెయ్యి ఒకటే అయితే రోగి రెండింటికీ భయపడతాడు. అందుకే 1949 జెనీవా ఒప్పందాల్లో, దేశం లోపల జరిగే పోరాటాల్లో కూడా గాయపడ్డవాళ్లకు, రోగులకు వైద్యం చెయ్యాలని, పక్షం తీసుకోని రెడ్‌క్రాస్ లాంటి సంస్థ సాయం చెయ్యవచ్చని రాశారు. మనకు పక్కనే, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా కుట్రులో ఆ రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ నడిపిన ఆరోగ్య కేంద్రం 2013లో ఆగిపోయింది, సర్కారు పని ఆపమన్నది కాబట్టి.

"నక్సలైట్ల వల్ల డాక్టర్లు రారు" అనేది మన దగ్గర అన్నిటికీ చెప్పే జవాబు. ఇది పూర్తి నిజం కాదు. భామ్రాగఢ్ తాలూకా హేమలకసలో ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే 1970ల నుంచి దవాఖాన నడుపుతున్నారు. చుట్టూ యుద్ధం జరుగుతుండగానే నడిపారు. గడ్చిరోలి దగ్గర అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకే పసిపిల్లలను చూసుకోవడం, అవసరమైతే సూది వేయడం నేర్పించారు. ఆ ఊళ్లలో అప్పుడే పుట్టిన పిల్లల చావులు సగానికి పైగా తగ్గాయి. తర్వాత దేశమంతా ఆశా కార్యకర్తలకు అలాంటి శిక్షణే ఇచ్చారు. నలుగురు మనుషులు చేసిన పని సర్కారుకు చేతకాదా? సిరోంచ బజారులో ఎన్నడూ మందుపాతర పేలలేదు కదా, మరి ఇక్కడెందుకు రారు?

నానమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల దూరం. ఆలాపల్లి రోడ్డు గుంతల్లో ఆమెను తీసుకెళ్లడం ఎట్లా? వంతెన దాటి తెలంగాణకు పోయాం. మాట మనదే, మనుషులు మనవాళ్లే. కానీ కార్డు మహారాష్ట్రది, చెల్లదన్నారు. నాన్న ఎడ్ల జత అమ్మాడు. ఇందులో తుపాకి ఎక్కడుంది చెప్పండి? అదే దవాఖానలో ఒక మాడియా తల్లి బిడ్డను ఎత్తుకుని నిలబడింది. ఆమె చెప్పేది నర్సుకు అర్థం కాలేదు. నేల తుడిచే అక్క వచ్చి మాట కలిపితే తప్ప బిడ్డకు ఎన్ని రోజుల నుంచి జ్వరమో తెలియలేదు.

ఇప్పుడు లొంగిపోయినవాళ్లకు డబ్బు, ఇల్లు ఇస్తామంటున్నారు. ఇవ్వండి. గని దాకా రోడ్డు వేస్తామంటున్నారు. వేయండి. అయితే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు రాత్రి కూడా ఉండాలి, ఆయన పక్కన గోండి, తెలుగు తెలిసిన మనిషి ఉండాలి, నది అవతల కూడా మన కార్డు చెల్లాలి. ఈ మూడింటికీ ఇక నక్సలైట్ల పేరు చెప్పే వీలు లేదు.

ఒక మాట దాచకుండా చెప్తాను. మొన్న సారు మా తరగతిలో ఏమవుతారో, ఎక్కడ పని చేస్తారో కాగితం మీద రాయమన్నారు. డాక్టరు అని తొమ్మిది మంది రాశాం. ఎక్కడ అనే చోట నాగపూర్, చంద్రపూర్, హైదరాబాద్ అని ఉంది. నేను రాసింది హైదరాబాద్. కాగితాలు ఇంకా సారు దగ్గరే ఉన్నాయి, తిరిగి అడగాలని ఉంది.

— పదో తరగతి విద్యార్థిని