మడ అడవిని కాపాడాలంటే యానాదిని బయటకి పంపాలా?

పోస్టు కొంచెం పొడుగే. అయినా చివరిదాకా చదవండి, మనం చేయగలిగే పని ఒకటి చివర్లో ఉంది.

నాది సీలేరు పక్క. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుతున్నా. అడవి గురించి మాట వస్తే మన గ్రూపులో పాపికొండలు, మారేడుమిల్లి, పోడు పట్టాలు, వీటి గురించే మాట్లాడుకుంటాం. మాట్లాడాల్సిందే. కానీ మనం చదువుకుంటున్న ఈ కృష్ణా డెల్టా చివర, సముద్రం అంచున ఇంకో అడవి ఉంది. అక్కడా మనవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఊసే మన దగ్గర రావడం లేదు.

నాగాయలంక, కోడూరు దాటాక నది సముద్రంలో కలిసే చోట ఉన్నది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. సుమారు 194 చదరపు కిలోమీటర్లు. మడ చెట్లు, బురద, పాయలు. చేపలు పట్టి తినే బావురు పిల్లి అక్కడ బతుకుతోంది. ఆ తీరం ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. చేప పిల్ల, రొయ్య పిల్ల, మండపీత పెరిగేది మడ వేళ్ళ మధ్యనే. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేల మందిని మింగింది. ఉప్పెనని పూర్తిగా ఆపలేకపోయినా, అల ఊపుని తగ్గించే గోడ ఈ మడ అడవే.

ఆ పాయల్లో చేత్తో పీతలు, చేపలు పట్టుకుని బతికేవాళ్ళు యానాదులు. మనలాగే ఎస్టీలు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఏ బొరియలో పీత ఉంది అనేది వాళ్ళకి పుస్తకంలో చదివితే వచ్చింది కాదు.

కొండవాళ్ళం మనకెందుకు అంటారేమో. నీళ్ళు చూడండి. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2015 నుంచి పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి వస్తున్నాయి. అంటే మన కొండల మీద పడిన వాన కూడా ప్రకాశం బ్యారేజీ దాకా వస్తోంది. మడ చెట్టుకి ఉప్పునీళ్ళొక్కటే చాలవు, నది నీళ్ళూ కావాలి. పైన అడవి పోయినా, కింద నది ఎండినా దెబ్బ తగిలేది ఒకే గొలుసుకి.

ఇప్పుడు అసలు మాట. అడవిని కాపాడాలి అనగానే చాలామందికి ముందు కనిపించేది అందులో బతికే పేదవాడు. వాడు పుల్ల ఏరాడు, పీత పట్టాడు, వాణ్ణి ఆపాలి అంటారు. మరి ఈ తీరాన్ని ఎక్కువ దెబ్బ తీసింది ఎవరు? 1990ల్లో రొయ్యల చెరువుల జోరు ఎలా నడిచిందో ఇక్కడి పెద్దల్ని అడగండి. తీరప్రాంత నియంత్రణ మండలిలో తవ్విన రొయ్యల చెరువుల్ని తీసేయమని 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. తర్వాత 2005లో చట్టం చేసి ఒక అథారిటీ పెట్టి, చెరువుల్ని రిజిస్టర్ చేసుకునే పద్ధతి తెచ్చారు. పొక్లెయిన్ పెట్టి చెరువు తవ్వేది యానాది కాదు కదా.

హక్కులిస్తే ఉన్న చెట్లు కూడా కొట్టేస్తారు అనేవాళ్ళు ఉన్నారు. వంటకి పుల్లలు మనవాళ్ళూ తెస్తారు, దాచాల్సిన పని లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఒక్కటే ఇవ్వలేదు. సెక్షన్ 5 ప్రకారం అడవిని, వన్యప్రాణుల్ని, నీటి వనరుల్ని కాపాడే బాధ్యత కూడా హక్కుదారులకి, గ్రామసభకి ఇచ్చింది. హక్కు లేనివాడు అడవిలో దొంగలా బతకాలి. దొంగలా బతికేవాడు చెరువు తవ్వేవాడి మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? అదే హక్కు కాగితం చేతిలో ఉంటే ఆ అడవికి వాడే మొదటి కాపలాదారు.

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలీదు. డెల్టా షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి ఇక్కడ పెసా లేదు. కానీ అటవీ హక్కుల చట్టానికి ఆ గీత లేదు. అభయారణ్యం భూమికి కూడా వర్తిస్తుంది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి అడవి మీద ఆధారపడి బతుకుతున్న ఎస్టీలు అడగొచ్చు. సెక్షన్ 3లో నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అని స్పష్టంగా ఉంది. దానికి కావాల్సింది ఫారం-బి. గ్రామసభ, సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ, ఈ వరసలో నడుస్తుంది. రాతపూర్వక సాక్ష్యాలతో పాటు ఊరి పెద్దల వాంగ్మూలం రాసుకున్నా సాక్ష్యంగా తీసుకోవాలి.

కొండల్లో మనవాళ్ళు ఈ కాగితాల కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. ఏ ఫారం ఎక్కడ ఆగుతుందో, తిరస్కరిస్తే అప్పీలు ఎలా వేయాలో మన ఇళ్ళలో ఎవరో ఒకరికి తెలుసు. సొర్లగొంది, ఎదురుమొండి వైపు యానాది కుటుంబాలకి అది చెప్పేవాళ్ళు కావాలి. కొన్ని ఇళ్ళలో ఆధార్, కుల ధ్రువపత్రం కూడా లేవు, పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను అడిగేది ఇదే. విజయవాడ, అవనిగడ్డ, మచిలీపట్నం హాస్టళ్ళలో ఉన్న మనం నెలకి ఒక ఆదివారం పెట్టుకుందాం. మనం పోయి వాళ్ళకి నీతులు చెప్పొద్దు. వాళ్ళు చెప్పింది విని, ఏ పాయలో ఎన్నేళ్ళ నుంచి పడుతున్నారో రాసి, ఫారం నింపడంలో సాయం చేద్దాం. వచ్చేవాళ్ళు కింద పేరు, హాస్టల్ ఉన్న ఊరు రాయండి. లా చదివే అన్నలు, అక్కలు ఉంటే తప్పకుండా రండి.

జై ఆదివాసీ.