ఆటకు కావలసినది చర్చయా, మైదానమా?

నేడు టెలివిజన్ లేని ఇల్లు అరుదు. సాయంకాలమున దానియెదుట కూర్చున్నచో, కొందరు పెద్దలు బల్లచుట్టు చేరి ఏదేనొక ఆటను గూర్చి వాదించుకొనుట చూడవచ్చును. ఒకరు పూర్వవైభవమును వర్ణింతురు. వేరొకరు నేటి స్థితికి విచారింతురు. ఇట్టి చర్చలు వ్యర్థములని నా అభిప్రాయము కాదు. అయితే వాటివలన జరుగు మేలెంత, జరుగని పని యేది అను విషయము విద్యార్థులు ఆలోచింపవలసియున్నది.

చర్చవలన సత్యము తేలును. అమెరికావారికి బేస్‌బాల్ ప్రాణప్రదమైన ఆట. మన క్రికెట్టునందు వలెనే దానియందును ఒకడు బంతి విసరును, ఒకడు కఱ్ఱతో కొట్టును. ఆ ఆటను 1839లో కూపర్స్‌టౌన్ అను ఊరిలో, తరువాత సేనానిగా పేరొందిన అబ్నర్ డబుల్‌డే కనిపెట్టెనని 1907లో ఒక సంఘము తీర్మానించెను. జనులు చాలకాలము దానిని నమ్మిరి. కాని ఆ యేడు డబుల్‌డే వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయమున చదువుచుండెనని చరిత్రకారులు చూపిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో అచ్చయిన పుస్తకములందే ఆ ఆట పేరు కలదు. పిల్లలు తరతరములుగా ఆడుకొన్న ఆటలే క్రమముగా బేస్‌బాల్ రూపము దాల్చినవి. ఒక్కని బుద్ధిబలముచే పుట్టినదన్న మాట కట్టుకథయే.

ఇట్లు చరిత్రను సరిదిద్దుటకు చర్చ చాలును. ఆటను బ్రతికించుటకు మాత్రము చాలదు. దీనికి మన హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రయే సాక్ష్యము.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. వారు తీర్చిదిద్దిన భారతజట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలయందు నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తా నగరమున దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకము సాధించెను. ఆ జట్టులో సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన పేదబాలుడు తులసీదాస్ బలరాం ఉండెను. మరుసటి యేడే రహీం గారు కాలధర్మము నొందిరి. ఫుట్‌బాల్‌లో ఆసియా స్వర్ణము మనకు మరల దక్కలేదు.

ఆ దినములలో హైదరాబాదున టెలివిజన్ లేదు. దూరదర్శన కేంద్రము 1977లో గాని ఇచ్చటికి రాలేదు. ఆ విజయములను మన ఊరివారు కన్నులార చూడనే లేదు. అయినను ఆట వర్ధిల్లినది. ఏలయన, బంతి తన్నుటకు చోటుండెను; నేర్పుటకు గురువుండెను.

ఇప్పుడు హైదరాబాదునకు పడమట పటాన్‌చెరు దాటి పాశమైలారము పారిశ్రామికవాడను చూడుడు. మందులు, రసాయనములు, యంత్రభాగములు తయారుచేయు కర్మాగారములు అచ్చట కలవు. ఒడిషా, బీహారు మొదలగు రాష్ట్రములనుండి సైతము కార్మికులు వచ్చి పనిచేయుచున్నారు. వారి బిడ్డలును మన తెలుగుబిడ్డలును ఒకరి భాష ఒకరెరుగకపోయినను, నడుమ బంతి యొకటి ఉన్నచో గడియలో స్నేహితులగుదురు. కాని ఆ బంతిని ఎచ్చట తన్నవలెను? లారీలు తిరుగు బాటలమీదనా?

భూమి విలువైనది, కర్మాగారము అన్నము పెట్టును, మైదానము ఏమి పెట్టునని కొందరందురు. అన్నము పెట్టునది కర్మాగారమే, కాదనలేము. కాని అందు పనిచేయువానికిని, వాని బిడ్డకును ఆరోగ్యము కావలదా? పారిశ్రామికవాడను నిర్మించునపుడు బాట, నీరు, విద్యుత్తు ఎట్లు లెక్కింతురో, ఆటస్థలమును అట్లే లెక్కింపవలెను. అంతవరకు బడి మైదానములనైనను సాయంకాలము కార్మికుల బిడ్డలకు తెరచి ఉంచవలెను.

విద్యార్థులారా! టెలివిజన్‌లో పెద్దలు చెప్పు చరిత్రను శ్రద్ధతో వినుడు, నిజమేదో విచారింపుడు. పిమ్మట లేచి మైదానమునకు పొండు. మీ ఊరిలో మైదానము లేనిచో, అది కావలెనని పెద్దలను వినయముతో అడుగుడు. అడుగుటకు మీకు హక్కు కలదు.